ముప్పై సీమ అవిసె గింజలు

ఫిబ్రవరి 6

మరదలికి,

నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగమన్నాను, దిగుతున్నావా, లేక వదిన చెప్పింది గనుక తిన్నగానే దిగుతున్నావా? మీ పిల్లికి కన్ను మానిందా? మీ కింది వాటా ముసలాయన దగ్గు తగ్గిందా? తగ్గకపోతే ఆయన ఎదురొచ్చినప్పుడు ఊపిరి బిగపట్టు. ఇక్కడ నా కోడలికి కుట్టుమిషన్ ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. నా కొడుకు లారీ ఎక్కి తొమ్మిది రోజులైంది, కబురు లేదు. బాగానే ఉండి ఉంటాడు, చెడ్డ కబురైతే ఈపాటికి పరుగెత్తుకుంటూ వచ్చేది. నాకు గుండెదడ మామూలే.

ఇక అందరికంటే ముందు అడగాల్సినవాణ్ణి చివర అడుగుతున్నాను. తమ్ముడి చేతులు ఎట్లా ఉన్నాయి?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వేళ్ళ సందుల్లో తెల్లగా పొట్టు లేస్తున్నదనీ, చుట్టూ ఎర్రబడి దురద పెడుతున్నదనీ, అవి మానేదాకా పిండి తొట్టి దగ్గరికి రావద్దని రొట్టెల బట్టీ యజమాని అన్నాడనీ రాశావు. ఇరవయ్యారేళ్ళు తమ్ముడు పిసికిన పిండితో రొట్టెలు కాల్చి అమ్ముకుని మూడంతస్తులు లేపినవాడు, ఇవాళ వాడి చేతులు చూసి మూతి తిప్పుకున్నాడు. మా తమ్ముడికి పనితనం ఉన్నది చేతుల్లోనే. నోట్లో లేదు, బుర్రలో అసలే లేదు. ఆ చేతులు పోతే వాడికి ఇంకేం మిగిలింది? నువ్వు మిగిలావు. అందుకే నాకు భయం.

అది తామర. నేను చూడనక్కర్లేదు. ఆసుపత్రి బట్టల గదిలో ముప్పై రెండేళ్ళు దుప్పట్లు ఉడకబెట్టినదాన్ని. మరక చూసి రోగం చెప్పేదాన్ని. నువ్వు కొంటున్న ఆ ట్యూబు మందులు పళ్ళు తోముకోవడానికి కూడా పనికిరావు. తామరకు సీమ అవిసె ఆకు ఒక్కటే మందు. మా ఆవిరి గది వెనక ఉండేది ఆ పొద, మనిషెత్తున, కొమ్మల చివర కొవ్వొత్తులు నిలబెట్టినట్టు పచ్చటి పూల గెలలతో. ఆకు పంపిద్దామంటే టపాలో కుళ్ళిపోతుంది. అందుకని ఆసుపత్రి తోటమాలి దగ్గరికి పోయి ఎండుకాయలు అడిగాను. ఆ మనిషి చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆ జేబులో ముక్కుపొడి ఉంటుంది, కత్తెర ఉంటుంది, నిన్నటి తమలపాకు ఉంటుంది. ఆ జేబును చూస్తేనే నాకు ఒళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది.

ముప్పై గింజలు నీకు, ముప్పై నాకు. కిందటిసారి ఉన్ని చొక్కా ఉతికి పంపితే, అది పిల్లికి సరిపోయిందని నలుగురిలో చెప్పి నవ్వావట. మీ వదినకు చేతికి వచ్చిన ప్రతిదాన్నీ ఉడకబెట్టే జబ్బు అన్నావట. సరే తల్లీ. ఈసారి ఒక్క చుక్క నీళ్ళు తగలనివ్వలేదు. ముక్కుపొడితో సహా అట్లాగే కాగితంలో మడిచి పంపిస్తున్నాను. ఇక నీ ఇష్టం. నాటు. నీళ్ళు పొయ్యి. తవ్వి తవ్వి చూడకు.

ఇట్లు,
వదిన

*

ఫిబ్రవరి 20

వదినగారికి నమస్కారాలు.

మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి. తిన్నగానే దిగుతున్నాను. పిల్లి కన్ను మానింది గానీ మీ కాగితం విప్పగానే పదకొండుసార్లు తుమ్మింది, నేను లెక్కపెట్టాను. ముసలాయన దగ్గు తగ్గింది, మేమే ఆయన ముందు ఊపిరి బిగపట్టి ఆయాసపడుతున్నాం.

గింజలు అందాయి. పలకలుగా, నల్లగా, బల్ల మీద పోస్తే చిన్న రాళ్ళలా చప్పుడు చేశాయి. మొక్కలు అమ్మేచోట ఒక పుస్తకం కొన్నాను. బడి ఆఫీసులో ఇరవై ఏళ్ళు రిజిస్టర్లు రాసినదాన్ని గనుక ఏ పనైనా పద్ధతిగా చేయడం అలవాటు. ఒక వంతు ఇసుక, ఒక వంతు మట్టి, ఒక వంతు ఎరువు. ముప్పై కాగితపు కప్పులు. ఒక్కొక్క దాని మీద అంకె, తేదీ. కిటికీ గట్టు మీద వరసగా పెట్టాను. మీరు వస్తే మెచ్చుకుంటారు, రారు గనుక మెచ్చుకోనక్కర్లేదు.

మీ తమ్ముడు బట్టీలోనే పిండి సంచులు దులిపే పనికి పోతున్నారు. జీతం సంగతి సరే, పోయినవారం ఇంటికొచ్చి, 'ఇవాళ పిండి సరిగ్గా పొంగలేదు, వాసన చూసి చెప్పాను, ఎవరూ వినలేదు' అన్నారు. ఆ మాట అని అన్నం ముందు కూర్చుని ఊరికే లేచిపోయారు.

ఒక్క మాట. చెయ్యి ఇక్కడుంది, మీరు అక్కడున్నారు. ఉత్తరం చదివి తామర అని తేల్చారు. చర్మం డాక్టరుకు చూపిద్దామంటే ఆయన ఒప్పుకోవడం లేదు. 'అక్క చెప్పింది కదా' అంటారు. పెళ్ళయి ముప్పై ఏళ్ళైంది, నేను చెప్పింది ఒక్కటైనా 'చెప్పింది కదా' అని చేశారేమో గుర్తు లేదు.

నమస్కారాలతో,
మీ మరదలు

*

మార్చి 8

మరదలికి,

కప్పుల మీద అంకెలు వేశావా? మొలక వచ్చి హాజరు పలుకుతుందనుకున్నావా?

నావి మొలిచాయి. ఎనిమిదో రోజుకు తల ఎత్తాయి. ముప్పైకి ఇరవై ఏడు. నూనె డబ్బా కోసి మట్టి నింపి వేశాను, కొలతలూ లేవు, పుస్తకమూ లేదు. ముందు రెండు లావుపాటి బద్దలు వచ్చి, వాటి మధ్యలోంచి చింతాకులాంటిది విచ్చుకుంది. నా కోడలు చూసి, 'అత్తయ్యా, చిక్కుడు మొక్కలా?' అంది. దానికి దారం రంగులు తప్ప ఇంకేమీ తెలియవు. ఏదన్నా అంటే నడుము పట్టుకుంటుంది.

నేను మాత్రం ఎనిమిది రోజులూ సరిగా కూర్చోలేదు. ఎందుకంటే నా వాటా గింజల్ని నా పద్ధతిలోనే చేశాను. ఆ జేబులోంచి వచ్చినవాటిని మట్టిలో అట్లా ఎట్లా పెడతాను? గిన్నెలో వేసి పొయ్యి మీంచి దింపిన మరిగే నీళ్ళు పోసి మూతపెట్టాను. ఒక పూట గడిచి మూత తీశాక గుర్తొచ్చింది, అవి గింజలు కదా, దుప్పట్లు కావు కదా అని. చంపేశానే అనుకున్నాను. దాదాపు అన్నీ ఉబ్బి మెత్తబడ్డాయి. ఉడికిపోయాయి అనుకుని ఏడుపొచ్చింది. నీకు చెప్పలేదు, నువ్వు పిల్లికి చెప్పి నవ్వుతావని. అయినా నాటాను. మొలిచాయి. దేవుడు నా పక్షాన ఉన్నాడు, నా తెలివి చూసి కాదు, తమ్ముడి చేతులు చూసి.

నీవి ఎన్ని మొలిచాయి? ఆకు పనికొచ్చే సైజుకు రావాలంటే రెండు మూడు నెలలు పడుతుంది. అంతదాకా యజమాని ఆగుతాడా? వాడి మొహం చూస్తే ఆగేవాడిలా ఉన్నాడా? ఆగేవాళ్ళకు గడ్డం కింద ఒక రకం మడత ఉంటుంది, చూసి రాయి. డాక్టరు మాట ఎత్తకు. మా ఆసుపత్రిలో చర్మం డాక్టరు తన బొటనవేలికి ఉన్న గోరుచుట్టు మాన్పుకోలేక ఆరు నెలలు చెప్పులో దూది పెట్టుకు తిరిగాడు.

ఉంటాను,
వదిన

*

మార్చి 23

వదినగారికి,

ముప్పైకి సున్నా.

నెలా మూడు రోజులు. పుస్తకంలో చెప్పినట్టు తడి ఆరనివ్వలేదు, ఎండ తగ్గనివ్వలేదు. ఒక్కటంటే ఒక్కటి లేవలేదు. మీకు మాత్రం ఇరవై ఏడు. అవీ ఉడకబెట్టినవి! వదినగారూ, నేను పెద్ద చదువులు చదవలేదు గానీ, మరిగే నీళ్ళు పోసిన గింజ మొలుస్తుందని చెబితే మా పిల్లి కూడా నమ్మదు.

అడక్క తప్పడం లేదు. కాయలు ఒలిచినప్పుడు లావుపాటివి మీ వైపు, తాలు గింజలు మా వైపు ఎట్లా వెళ్ళాయి? మీ తమ్ముడిని అడిగితే, 'అక్క అట్లా చేయదు' అన్నారు. అని, నా ముఖం చూసి, 'చేసినా ఏదో కారణం ఉంటుంది' అన్నారు. తాలుకు కూడా కారణం వెతికే మనిషి ఆయన.

యజమాని గడ్డం కింద మడత లేదు. గడ్డం కింద గడ్డమే ఉంది. తొట్టి దగ్గరికి ఇంకొకర్ని పెట్టాడు.

మరదలు

*

ఏప్రిల్ 2

నీకు,

తాలు గింజలా? నేనా? వాడికా?

అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. వాడికి రెండు పూటలా తిండి పెట్టడానికి నేను ఆసుపత్రి బట్టలు ఉతికే సోడా నీళ్ళలో చేతులు పెట్టాను. నా గోళ్ళు ఏ రంగులో ఉంటాయో నువ్వు చూశావు. చూసి మీ అమ్మతో, 'ఆవిడ వడ్డిస్తే తినబుద్ధి కాదు' అన్నావు. తలుపు వెనకే ఉన్నాను. ఇన్నేళ్ళూ అనలేదు, ఇవాళ అంటున్నాను. అటువంటిదాన్ని వాడి చేతికి తాలు పంపుతానా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, మొలిపించడం చేతగాక నన్ను దొంగను చేస్తావా? నీ అంకెలు నీ కప్పులకే అంటించుకో.

ఈ మాటలు రాసి, ఉత్తరం చింపుదామనుకుని, చింపక, లేచి తోటమాలి దగ్గరికి పోయాను. సంగతి చెప్పాను. నీ గురించి కూడా చెప్పాను. ఆ మనిషి ముక్కుపొడి పీల్చి, తుమ్మి, తుమ్ము పూర్తయ్యేదాకా నన్ను నిలబెట్టి, అప్పుడు చెప్పాడు: 'అమ్మా, ఈ గింజకు తోలు గట్టి. నీళ్ళు లోపలికి పోవు. అట్లాగే నాటితే ఏళ్ళ తరబడి మట్టిలో పడుకునే ఉంటుంది. రాతి మీద రుద్దాలి, లేకపోతే వేణ్ణీళ్ళు పొయ్యాలి. నేనైతే గరుకు గచ్చు మీద చెప్పుతో రుద్దుతాను.'

'మరి ఇచ్చేటప్పుడు చెప్పలేదేం?' అన్నాను.

'మీరు అడగలేదుగా' అన్నాడు.

ముప్పై రెండేళ్ళు నా ఆవిరి గదిలో కూర్చుని నా టీ తాగినవాడు. అడగలేదుగా! ఆ క్షణాన ఆ జేబుతో సహా వాణ్ణి గిన్నెలో వేసి మూతపెట్టాలనిపించింది.

కాబట్టి విను. నీ గింజలు చావలేదు. తవ్వి తియ్యి, అంకె ప్రకారం తియ్యి, లేకపోతే నీకు తోచదు. కడుగు. పొయ్యి మీంచి దించిన నీళ్ళు పొయ్యి. మూతపెట్టి పొద్దున దాకా ఉంచు. ఉబ్బినవి నాటు, ఉబ్బనివాటికి మళ్ళీ పొయ్యి. నువ్వు వెక్కిరించిన జబ్బు నీకూ రావాలి ఇప్పుడు.

నీళ్ళు పోసేటప్పుడు చెయ్యి కాల్చుకోకు. ఆ ఇంట్లో బాగున్న చేతులు ఇంకెవరికీ లేవు.

వదిన

*

మే 3

వదినగారికి నమస్కారాలు.

పందొమ్మిది మొలిచాయి. ఆరో రోజుకే.

ఇంతకంటే పెద్ద వాక్యం రాయాలని కూర్చున్నాను, రావడం లేదు. తాలు మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మతో ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. అని ఉంటాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, నోటికి తలుపు ఉండేది కాదు.

మీ తమ్ముడు పని మానేశారు. సంచులు దులిపితే దుమ్ముకు చెయ్యి ఇంకా రేగుతోంది. ఇంట్లోనే ఉండి మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు, చేతికి గుడ్డ చుట్టుకుని, ఎడమ చేత్తో చెంబు పట్టుకుని. పందొమ్మిదింటికీ పందొమ్మిది రకాల కబుర్లు చెబుతారు. నాతో రెండు మాటలు. నిన్న మళ్ళీ డాక్టరు మాట ఎత్తాను. 'ఆకు రానీ' అన్నారు. మీరు ఒక్క ఉత్తరం రాశారు, ఆయన కోడి గుడ్డు మీద కూర్చున్నట్టు దాని మీదే కూర్చున్నారు. మీరే ఒక మాట రాస్తే డాక్టరు దగ్గరికి వస్తారు. రాయండి. అడుగుతున్నాను.

మరదలు

*

జూన్ 14

మరదలికి,

మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? నా కొడుకు వచ్చి వెళ్ళాడు, బరువు తగ్గాడు. నాకు కళ్ళ ముందు నల్ల చుక్కలు ఎగురుతున్నాయి, మేలో ఉత్తరం రాయలేదు అందుకే.

నా మొక్కలు నడుము దాటాయి. మొదట్లో ఒక సాయంత్రం చూస్తే ఆకులన్నీ జంటలు జంటలుగా ముడుచుకుని వేలాడుతున్నాయి. చచ్చిపోయాయని కోడల్ని కేకేశాను. తెల్లారి చూస్తే విచ్చుకుని ఉన్నాయి. పొద్దుగూకితే ముడుచుకుంటాయట ఆ మొక్కలు. ఒకళ్ళయినా ముందు చెప్పరు. తర్వాత పచ్చ సీతాకోకచిలుకలు వచ్చాయి. కోడలు, 'ఎంత బాగున్నాయో!' అని మిషన్ ఆపి చూసింది. అవి అందంగా ఎగిరి ఆకు కింద గుడ్లు పెట్టి పోతాయి, అయిదో రోజుకు పురుగులు ఆకును ఈనె దాకా మేస్తాయి. నూటనలభై పురుగుల్ని చేత్తో ఏరాను. అందమైనదేదైనా ఇంట్లోకి వస్తే ముందు దాని వెనకవైపు చూడాలి.

నీ మొక్కలకు ఈపాటికి మోకాలెత్తు వచ్చి ఉంటుంది. చాలు, మొదలుపెట్టు. లేతవి కాదు, ముదురువి కాదు, మధ్యవి పది ఆకులు. కడిగి, మెత్తగా నూరి, నిమ్మరసం పిండి, రెండు పూటలా పట్టించి గుడ్డ కట్టు. పదిహేను రోజులు. మండుతుంది. మండితే మందు పట్టినట్టు. ఓర్చుకోమను. చిన్నప్పటినుంచీ వాడికి ఓర్పు తక్కువ, చీమ కుట్టినా నా కొంగు పట్టుకునేవాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళమని నన్ను రాయమన్నావు. రాయను. వాళ్ళు ముందు చీటీ రాస్తారు, తర్వాత రోగం వెతుకుతారు. నాలుగు నెలలు ఆగిన మనిషి పదిహేను రోజులు ఆగలేడా?

యజమానికి చెప్పు, నెల తిరిగేసరికి వాడు తొట్టి దగ్గర ఉంటాడని. నేను చెప్పానని చెప్పు.

వదిన

*

జూలై 9

వదినగారికి,

పదకొండు రోజులు పట్టించాం. మీరు చెప్పినట్టే. మధ్య ఆకులు, నిమ్మరసం, రెండు పూటలా.

నాలుగో రోజుకు చేతులు ఎర్రటి మాంసంలా అయ్యాయి. 'మండుతోందా?' అని అడిగాను. 'కొంచెం' అన్నారు. ఏడో రోజు చెంచా పట్టుకోలేకపోయారు. 'అక్క ఓర్చుకోమంది' అన్నారు. పదకొండో రోజు కట్టు విప్పితే గుడ్డతోపాటు చర్మం వచ్చింది. ఆయన అరవలేదు. నేనే అరిచాను. కింది వాటా ముసలాయన పైకి వచ్చి బండి పిలిచాడు.

డాక్టరు మొదటి అయిదు నిమిషాలు ఏ చీటీ రాయలేదు. ఏం పని అని అడిగింది. ఎన్నేళ్ళని అడిగింది. ఈమధ్య పనిలో ఏమన్నా మారిందా అని అడిగింది. అప్పుడు చెప్పారు మీ తమ్ముడు, పిండి తొందరగా పొంగడానికి యజమాని ఏడాదిగా ఏదో తెల్లపొడి కలిపిస్తున్నాడని.

అది తామర కాదు వదినగారూ. ఎప్పుడూ తామర కాదు. తడిపిండికి, ఆ పొడికి ఆయన చర్మం తిరగబడింది. అటువంటి చేతికి నూరిన ఆకూ, పులుపూ కట్టి పదకొండు రోజులు ఉంచాం. డాక్టరు ఆకును తిట్టలేదు. 'తామర ఉన్నవాళ్ళకు పెడతారేమో, లేనివాళ్ళకు ఎందుకు పెట్టారు?' అంది. ఏం చెప్పను? మా వదిన దుప్పట్లు చూసి రోగం చెబుతుందని చెప్పనా?

చేతులు మానతాయో లేదో, మానినా వేళ్ళు మునుపటిలా ముడుచుకుంటాయో లేదో నెలలు గడిస్తే గానీ తెలియదట. పిండి మాత్రం ఇక జన్మలో ముట్టుకోకూడదట.

మొక్కలన్నీ బాగున్నాయి. గుబురుగా పెరుగుతున్నాయి. చూస్తే కడుపు మండుతోంది.

మీరు ఇక సలహాలు రాయకండి.

మరదలు

*

జూలై 17

మరదలికి,

ఉత్తరం అందింది.

ముప్పై రెండేళ్ళు దుప్పట్లు ఉతికితే దుప్పట్లు తెలుస్తాయి. చర్మం తెలియదు. ఈ ముక్క తెలియడానికి నాకు వాడి చేతులు కావలసి వచ్చాయి.

డాక్టర్లను అన్నాను, తోటమాలిని అన్నాను, నిన్ను అన్నాను, నా కోడల్ని రోజూ అంటాను. ఇన్ని నోళ్ళలో ఒక్క నోరైనా నాకు, 'ముసలిదానా, నువ్వు చూశావా ఆ చెయ్యి?' అని గట్టిగా అడగలేదు. కాదు, నువ్వు అడిగావు. ఫిబ్రవరిలోనే అడిగావు. నీ ఉత్తరం తీసి చూశాను.

పొద్దున రెండు మొక్కలు వేళ్ళతో సహా పీకాను. మూడోదానికి చెయ్యి వేశాక కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుని, 'అత్తయ్యా, అదేం చేసింది?' అంది. వదిలేశాను.

వాడు అన్నం ఎట్లా తింటున్నాడు? ఎవరు కలిపి పెడుతున్నారు? సలహా కాదు, అడుగుతున్నాను.

వదిన

*

జూలై 30

మరదలికి,

నువ్వు రాయలేదు. కోపం ఉంటే కోపంగానే రాయి. రెండు చేతులూనా, కుడి చెయ్యి ఎక్కువా? వేళ్ళు మడుస్తున్నాడా?

వదిన

*

ఆగస్టు 11

మరదలికి,

ఉత్తరాలు తెచ్చే మనిషి మా సందులోకి రాగానే నేను మెట్ల మీద నిలబడుతున్నాను. ఆయన దూరంనుంచే తల అడ్డంగా ఊపి పోతున్నాడు. మనిషిని చూసి అట్లా తల ఊపడం ఏం మర్యాద? ఒక పోస్టుకార్డు రాయి. 'వేళ్ళు మడుస్తున్నారు', లేదా 'మడవడం లేదు.' రెండే మాటలు. నువ్వు బడి ఆఫీసులో ఇంతకంటే పెద్దవి రాశావు.

వదిన

*

సెప్టెంబర్ 18

వదినగారికి నమస్కారాలు.

మడుస్తున్నారు.

రాయకపోవడం కావాలనే. మొదట కోపంతో. తర్వాత, ఏం రాయాలో చేతులు తేల్చలేదు గనుక. మంచి కబురు రాసి మళ్ళీ తిరగబడితే మీరు మెట్ల మీదనుంచి పడతారని భయం.

కొత్త చర్మం వచ్చింది, పల్చగా, గులాబిరంగులో, చంటిపిల్లల అరికాలిలా ఉంది. ఎడమ చేతి రెండు వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. యజమాని దగ్గరికి నేనే వెళ్ళాను. ఆ పొడి సంగతి డాక్టరు కాగితం మీద రాసిచ్చింది చూపించాను. బడి ఆఫీసులో కాగితం ఎట్లా చూపించాలో నేర్చుకున్నాను. గడ్డం కింద గడ్డం రెండూ వణికాయి. పిండి తొట్టి కాదు గానీ బట్టీ మూతి దగ్గర పని ఇచ్చాడు. పొడుగు చెక్క పారతో రొట్టెలు లోపలికి తోయడం, కాలాక తీయడం. వారం నుంచి వెళ్తున్నారు. నిప్పు ముందు నిలబడి, తొట్టి దగ్గరున్న కొత్తవాడి పిండిని చూసి, 'ఇది పిండా, సున్నమా?' అని వెక్కిరిస్తున్నారట. ఆ గుణం మీ ఇంటిదే.

తప్పు మీ ఒక్కరిదే అన్నట్టు జూలైలో రాశాను. నాది కూడా ఉంది. మీకు దురద గురించి రాశాను, పొడి గురించి రాయలేదు. ఆయన నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అడిగే పని మీరూ నేనూ ఇద్దరం మానేసి ఒకర్నొకరు ఎత్తిపొడుచుకున్నాం.

మొక్కలు పూశాయి. ఎవరో చూసి వెళ్ళి చెప్పారు, ఇప్పుడు వీధిలో వాళ్ళు ఆకుకు వస్తున్నారు. 'డాక్టరు చూసి తామర అని రాసిచ్చిన చీటీ తెండి, ఆకు ఇస్తాను' అంటున్నాను. నన్ను గయ్యాళి అంటున్నారు. మీకు ఆ పేరు ఎట్లా వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

మిగతా కాగితం మీ తమ్ముడికి ఇస్తున్నాను. పక్కన కూర్చుని చాలాసేపటినుంచి అడుగుతున్నారు.

అక్కా, నేనే రాస్తున్నా. కలం పట్టుకోగలుగుతున్నానని నువ్వు చూడాలని. గీతలు వంకరపోతే చేతులని అనుకోకు, నా రాత ముందు కూడా ఇంతే. మండినప్పుడు చెప్పకపోవడం నా తప్పు. చిన్నప్పుడు నువ్వు తల రుద్దినా మండేది, చెబితే నువ్వు ఇంకా గట్టిగా రుద్దేదానివి. అందుకని చెప్పే అలవాటు తప్పింది. నువ్వు మెట్ల మీద నిలబడొద్దు. ఒకసారి రా. ఆరేళ్ళైంది నువ్వు వచ్చి. మా ఇద్దరికీ ఆదివారం సెలవు. ఆమె కూడా రమ్మంటోంది, గట్టిగా అనడం లేదు గానీ అంటోంది.

*

సెప్టెంబర్ 27

మరదలికి,

నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయో అక్కడికి వచ్చి నువ్వు మెట్లు దిగుతుంటే చూసి చెబుతాను. ఉత్తరంలో ఇక ఎవరి ఒంటి సంగతీ తేల్చను.

వాడి రాత చూశాను. 'టు' కొమ్ము ఎప్పుడూ వేలాడేది, ఇప్పుడూ వేలాడుతోంది. నేను తల గట్టిగా రుద్దానట! పేలు పట్టిన తలను మెల్లగా రుద్దుతారా? అయిదు పదుల వయసు దాటి ఇవాళ ఫిర్యాదు రాస్తున్నాడు, ఆలోచన ఎంత చురుగ్గా ఉందో చూడు. ఆ నాలుగు ముక్కలు కోడలితో పైకి చదివించుకున్నాను. రెండోసారి చదవమంటే, 'అత్తయ్యా, మీ కళ్ళు బాగానే ఉన్నాయిగా' అంది. దానికి కళ్ళ సంగతి కూడా తెలిసిపోయింది.

ఆదివారం ఉదయం పదిన్నర బస్సు ఎక్కుతాను. మూడింటికి దిగుతాను. దారిలో ఆ బస్సు రెండు వంతెనలు దాటుతుంది, అందులో ఒకటి పాతది, ముందే చెబుతున్నాను. నా సంచీలో రెండు చీరలు, ఒక దుప్పటి ఉంటాయి. ఆకు లేదు, గింజ లేదు, నూరినది లేదు. గుమ్మంలోనే సంచీ తెరిచి చూపిస్తాను, నువ్వు అడగకముందే. నాలుగు రోజులు ఉంటాను. గిన్నెలు నువ్వే తోముకో, నేను పొయ్యి దగ్గరికి రాను.

వాణ్ణి ఆ పూట కిటికీ దగ్గర కూర్చోబెట్టు. పొద్దు దిగకముందే వాడి చేతులు చూడాలి, ముందు అరచేతులు, తర్వాత వెనక్కి తిప్పి, తర్వాత ఆ రెండు వేళ్ళు. నేను ముట్టుకోను. ఎదురుగా కూర్చుని చూస్తాను, అంతే. ఏమీ అనను. ఏదన్నా అనబోతే నువ్వు నాకు వినబడేలా గట్టిగా దగ్గు.

అక్టోబర్ 12, ఆదివారం, మూడింటికి. మీరు బస్సు దగ్గరికి రావద్దు, దారి నాకు తెలుసు.

వదిన